గున్నయ్య దాచిన జ్వరం

"కరోనా తగ్గినా కొందరికి మెదడులో వాపు మిగిలిపోతుంది. మతిమరుపు త్వరగా ముదురుతుంది. మీ ఆవిడకి అదే కారణమని గట్టిగా చెప్పలేను కానీ, కావచ్చు," అన్నాడు టెక్కలి డాక్టరు.

గున్నయ్య తల వంచుకున్నాడు. కరోనా వచ్చిన ఏడాది పలాస జీడి ఫ్యాక్టరీ నుంచి జ్వరం మోసుకొచ్చింది తనే. ఆసుపత్రికి పట్టుకుపోతారన్న భయంతో మూడు రోజులు భార్యకి కూడా చెప్పలేదు. వారం తిరక్కుండా కామేశ్వరమ్మ మంచాన పడింది.

ఇంటికొచ్చి గంజి తాగిస్తుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఎవురు బాబూ నువ్వు? కన్నకొడుకులా సూత్తన్నావు."

"నేనే, గున్నయ్యని."

"మా ఆయన పేరూ అదే. పన్లోకెల్లినాడు," అని నవ్వి, గొంతు తగ్గించింది. "ఓ మాట సెప్తాను. కరోనా అప్పుడు ఆయన జొరం దాసీసినాడు. పక్కలో ఒళ్లు కాలిపోతంటే నాకు తెలీదేటి?"

గున్నయ్య గంజి గ్లాసు కింద పెట్టాడు. "మరి దూరంగా ఉండొచ్చు కదేటి?"

"భయపడిపోతన్న మనిసిని ఒగ్గీసి ఎక్కడికెల్తాను? నాకు తెలుసని మాత్రం ఆయనకి సెప్పీకు బాబూ. కుమిలిపోతాడు."

చెప్పనని గున్నయ్య ఆమె చేతిలో చెయ్యి వేశాడు.