పై పలక

"తడి కోటుతో ఆ బస్తా మీద కూర్చున్నావంటే ఊరుకోను! గోడలోకి పోయే పొట్టయ్యా అది!"

కూర్చోబోతున్న ఆ కొత్త పెద్దాయన గబుక్కున నిలబడ్డాడు.

లెంపి నోటికి ఊరంతా జడుస్తుంది. యుద్ధంలో మొగుడు పోయాడు. ఫిన్లాండ్ సరిహద్దు జరిగినప్పుడు పుట్టిన ఊరూ అవతలికి పోయింది. ముగ్గురు పిల్లల్నీ, అత్తగారినీ వెంటేసుకుని మా ఊరొచ్చింది. సర్కారిచ్చిన స్థలంలో, అందరిలాగే ముందు ఆవిరిస్నానాల గది కట్టుకుంది. అయిదుగురూ అందులోనే ముడుచుకుని పడుకుంటూ, రెండేళ్ళుగా ఈ ఇల్లు లేపుతోంది.

నిలువు చెక్కలు తనే నిలబెట్టింది. రెండు వైపులా పలకలు తనే కొట్టింది. ఇక మధ్య సందులో రంపపు పొట్టు దట్టించడమే మిగిలింది. ఆడది గోడలు లేపుతుందా అని నవ్వినవాళ్ళు ఇప్పుడు తల వంచుకుని పోతున్నారు. నాకైతే కడుపు నిండినట్టుంది.

"ఎవరు కావాలి నీకు?" అంది లెంపి.

"ఎవరూ వద్దమ్మా. ఇళ్ళు చూస్తూ పోతున్నాను. ఈ గోడకి పైన పలక కొట్టలేదే?"

"కొట్టను."

"సర్కారు అందరికీ ఇచ్చిన ప్లానులో ఉందిగా?"

"ఉంటే? ఆ ప్లాను గీసినవాడు జన్మలో పొట్టు మొహం చూశాడా? పొట్టు దిగిపోతుందయ్యా! పైన పలక కొట్టి మూసేస్తే, దిగినచోట మళ్ళీ పోసేదెలా? ఆ సందులోంచి చలి దూరి నా పిల్లల నెత్తి మీద కూర్చుంటుంది. అందుకే పైన వదిలేశా. అటక మీంచి ఏటేటా పోసుకుంటా."

"ఎంత దిగుతుంది?"

"మొదటి ఏడు జానెడు. తర్వాత బెత్తెడు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు?"

"మా నాన్నకి ఐసు కొట్టు ఉండేది. దాని గోడల నిండా పొట్టే. పన్నెండో ఏట నుంచి పైకెక్కి పోసింది నేనే. నీ ప్లానువాడు ఏ స్కూల్లో చదివాడో గానీ, నేను చదివింది అక్కడ."

ఆయన నవ్వలేదు. కోటు విప్పి మేకుకి తగిలించాడు. "ఆ బస్తా అందుకోనా?"

లెంపి ఆయన చేతుల వంక చూసింది. ఒక్క కాయ కూడా లేదు. "ఆ చేతులతోనా? సరే, ఎంతసేపు నిలుస్తావో చూద్దాం."

మధ్యాహ్నం దాకా నిలిచాడు. పొట్టులో సున్నం కలిపాడు. బస్తాలు అటకెక్కించాడు. పొడుగు కర్రతో కూరాడు. లెంపి "మూల వదిలేశావు", "ఇది గోడా, దిండా? గట్టిగా కూరు" అని అరుస్తూనే ఉంది. ఆయన "అలాగేనమ్మా" అంటూనే ఉన్నాడు. ఒకసారి పైనుంచి గోడలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, పొట్టు ఎంత దిగుతుందో అదిమి చూశాడు.

"రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడయ్యా," అంది అత్తగారు కింద నుంచి. "ఆయన సంతకం పెడితేనే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి ఇటుకలిస్తారు. లేకపోతే ఈ చలికాలం కూడా ఆ ఆవిరి గదే గతి. చిన్నదానికి దగ్గు తగ్గడం లేదు. ఒక్క పూట పలక కొట్టి చూపించి, ఆయన పోయాక పీకెయ్యవే అంటే వింటేనా!"

"ఒక్క క్షణం కూడా కొట్టను," అంది లెంపి. "నా గోడ దొంగ గోడ కాదు దాచుకోడానికి."

ఆయన కిందికి దిగాడు. గుమ్మానికి గుచ్చి ఉన్న ప్లాను కాగితం తీశాడు. జేబులోంచి పెన్సిలు తీసి, దాని మీద గీతలు పెట్టి, కింద ఏదో గిలికాడు.

లెంపి అటక మీంచి చూసింది. రెండంగల్లో కిందికొచ్చి కాగితం లాక్కుని, చదవకుండానే మడిచేసింది.

"నీకేమైనా మతి పోయిందా? సర్కారు కాగితం మీద పిచ్చి గీతలా? రేపు ఆయనకి ఇదొక్కటే సాకు చాలు! నడు! ముందు బయటికి నడు!"

"తప్పు నాదేనమ్మా," అన్నాడాయన.

"నీది కాక నాదా?"

అత్తగారు, అసలు కాఫీ దొరక్క రై ధాన్యం గింజలు మాడ్చి కాచిన కాఫీ పోసుకొచ్చేసరికి ఆయన రోడ్డెక్కేశాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు నుర్మెలా వచ్చాడు. మా ఊరివాడే. పలుకే బంగారం. గోడ పైకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"పలక ఏదమ్మా?"

"లేదు. ఉండదు."

"సరిహద్దు అవతలివాళ్ళకి నోరెక్కువని ఊరికే అనలేదు. ప్లాను ప్రకారం లేకపోతే సంతకం పెట్టను."

"పెట్టకు! కావాలంటే నా చేత ఇల్లు పీకించు. పలక మాత్రం కొట్టించలేవు."

ఆయన లెంపి మడిచిపెట్టిన ప్లాను అందుకుని విప్పాడు. మొహం మారింది. "ఈ గీతలేమిటి?"

లెంపి గడ్డం దించలేదు. ఎవరో దారినపోయే ముసలాయన మీదికి నెట్టెయ్యడం ఆమెకి చేతకాదు.

"నేనే గీశాను. ఏం చేస్తావో చెయ్యి."

"ఈ రాతా నీదేనా?" నుర్మెలా పైకి చదివాడు. "'పై పలక తీసేశాను. ఈ గోడ కట్టినావిడ చెప్పిందే సరైనది. ఇకమీదట అన్ని ఇళ్ళూ ఇలాగే కట్టాలి.' కింద సంతకం కూడా ఉంది."

"మళ్ళీ చదువు," అంది లెంపి గొంతు తగ్గించి. మా ఊళ్ళో అది ఎవరూ చూడని వింత.

నుర్మెలా టోపీ తీసి పొట్టు బస్తా మీద చతికిలబడ్డాడు. లెంపి వద్దనలేదు.

"ఆయనకి కనీసం కాఫీ అయినా పోశావా?" అన్నాడు మెల్లగా.

"తరిమేశాను," అంది లెంపి.

నుర్మెలా ఇటుకల కాగితం మీద సంతకం చేసి ఆమె చేతికిచ్చాడు. తర్వాత ప్లాను ఆమె ముందు పరిచి, పెన్సిలు సంతకం మీద ఒక వేలూ, ప్లాను గీసినవారి పేరిట అడుగున అచ్చయిన సంతకం మీద ఒక వేలూ పెట్టి చూపించాడు. రెండూ ఒకే చేతివి.