వాలు దాటొద్దు

ఆత్మకూరు బస్టాండులో సిమెంటు బెంచీ కాలుతోంది. యేసుబాబు చేతిలోని ఫోన్‌లో మాత్రం అంతా తెలుపే.

వీడియో కాల్‌లో అటువైపు భరత్. జలదంకి మనిషి. హిమాచల్ కొండల్లో మంచు మీద జనాన్ని నడిపించే గైడు. ఆ పని నేర్పింది యేసుబాబే.

"అన్నా, ఈ వాలు దాటితే అరగంటలో క్యాంపు. వెనక్కి పోతే నాలుగ్గంటలు. నాతో ఆరుగురుండారు. ఏం చేయమంటావు?"

యేసుబాబు ఆ కొండల నుంచి సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది. పక్కన భార్య రూబీ, ఒళ్ళో పుచ్చకాయ. ఉదయగిరి బస్సు కోసం చూస్తున్నారు.

"మంచు ఎప్పుడు పడింది?"

"మొన్నంతా. నిన్న గాలి. ఎక్కడెక్కడిదో మోసుకొచ్చి ఈ వాలు మీదే పోసింది."

"నడస్తా ఉంటే కింద ధుమ్మంటా ఉండాదా?"

"రెండుసార్లు వినపడిందన్నా."

"ఉన్నచోటే నడుంలోతు తవ్వి చూడు."

పార దిగుతున్న చప్పుడు. పైన పలకలా గట్టి మంచు. దాని కింద పొరలో భరత్ చెయ్యి పెట్టాడు.

"చక్కెర మాదిరి రాలిపోతా ఉండాదన్నా."

"అయితే పైపలక నిలవదు, జారిపోద్ది. దాటొద్దు. తిరగండి."

ఆ ఆరుగురిలో ఎర్ర జాకెట్టు వేసుకున్న ఒకాయన హిందీలో గొంతు పెంచాడు. మీరు రాకపోతే నేనొక్కడినే దాటతానంటున్నాడు.

"ఫోన్ ఆయనకియ్యి."

యేసుబాబు హిందీలో మెల్లగా చెప్పాడు. "పోయినేడు ఇలాంటిచోటే ఒకాయన నా మాట వినలేదు. మంచు జారి మీద పడింది. మూడు గంటలు తవ్వాను. కళ్ళు తెరిచే ఉన్నాయి."

రూబీ తలెత్తి చూసింది. ఆమె బడిలో హిందీ టీచరు. ఈ సంగతి ఆమెకు అతనెప్పుడూ చెప్పలేదు.

ఎర్ర జాకెట్టాయన ఫోన్ తిరిగిచ్చి, వచ్చిన దారి పట్టాడు.

"గట్టెక్కేదాకా కాల్ కట్ చేయబాకరా," అన్నాడు యేసుబాబు.

వాళ్ళు రాతిగట్టు ఎక్కి ఊపిరి తీసుకుంటున్నారు. అప్పుడు కనిపించింది, వాలు పైభాగంలో, సన్నటి గీత. ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది.

తర్వాత కొండ పక్క మొత్తం కదిలింది.

చప్పుడు లేదు. అది ఆలస్యంగా వచ్చింది. ఫోన్ స్పీకరు బద్దలైనట్టయింది. దేవదారు చెట్లు గడ్డిపోచల్లా వంగి, కనపడకుండా పోయాయి. తెల్లటి పొగ లేచి ఆకాశాన్ని మూసేసింది.

బస్టాండులో బెంచీ వెనక నిలబడి ఫోన్‌లోకి చూస్తున్న ముసలాయనెవరో తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పొగ తగ్గింది. ఏడుగురూ గట్టు మీదే ఉన్నారు. ఎర్ర జాకెట్టాయన భరత్ చెయ్యి పట్టుకొని ఉన్నాడు.

"అన్నా," అన్నాడు భరత్.

"నడవండి. పొద్దు గూకేలోగా దిగిపోవాల."

ఉదయగిరి బస్సు వచ్చింది. ఎక్కారు. ఊరు దాటాక రూబీ అడిగింది.

"ఇప్పటిదాకా ఎంతమందిని తవ్వి తీసినావు?"

"నలుగుర్ని."

కిటికీలోంచి వడగాలి కొడుతోంది. రూబీ అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ఒకామె బతికింది," అన్నాడు యేసుబాబు.