వాకిట్లో మూట

గృహప్రవేశం ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆ ముసలాయన పిలవకుండానే ఇంట్లోకి వచ్చాడు.

చెప్పులు గుమ్మం బయట విడిచాడు. తిన్నగా పిల్ల గదిలోకి నడిచి తల పైకెత్తాడు. ఫాల్స్ సీలింగ్‌కి లైట్ల కోసం కోసిన ఎనిమిది గుండ్రటి రంధ్రాలనూ ఒక్కొక్కటే చూశాడు.

"ఈ గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"

ఇంటావిడ రాగసుధ వెనకే పరుగెత్తుకొచ్చింది. ఊరూ పేరూ చెప్పకుండా వచ్చినవాడు అడగాల్సిన మొదటి మాట అదా!

"మా పాప. ఏం?"

ఆయన అక్కడున్న నిచ్చెనెక్కి ఒక రంధ్రంలో చెయ్యి పెట్టాడు. ఆ చేతి వేళ్లు కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"వైర్లు మెలేసి ఉత్త టేపు చుట్టారు. పక్క గదిలో పత్తి పోస్తారా?"

"రైతులం, పొయ్యక? అసలెవరయ్యా నువ్వు?" అంటూ రాగసుధ మొగుడు లక్ష్మీకాంత్ వచ్చాడు.

సత్తెనపల్లి చుట్టుపక్కల రేటు పెరిగేదాకా పత్తి ఇంట్లో పోసుకోని రైతు ఎవడున్నాడు కనక!

"ఎలుకలు ఆ పత్తి సీలింగ్ మీదికి లాక్కెళ్తాయండీ. జాయింటు వదులై వేడెక్కిందంటే..."

"పని కావాలా? మా ఎలక్ట్రీషియన్ ఫిలిప్ చేస్తున్నాడు. ముందు నిచ్చెన దిగు."

"పని ఎప్పుడో మానేశానండి," అన్నాడు ముసలాయన.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"పాపని మాత్రం ఇక్కడ పడుకోబెట్టకండి."

మర్నాడు పొద్దున వాకిట్లో ఒక గుడ్డమూట. ముడి సందులోంచి ఎర్రవీ పచ్చవీ దారాల్లాంటివి వేలాడుతున్నాయి.

"అమ్మో! ఆ ముసలాడు చేతబడి చేశాడండీ!" రాగసుధ పై ప్రాణాలు పైనే పోయాయి.

లక్ష్మీకాంత్ దాన్ని పట్టకారుతో ఎత్తి, బండి మీద తీసుకెళ్లి సాగర్ కాలవలో పడేశాడు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. అంత చేసినవాడికి పైన ఆ టేపు ఒక్కసారి విప్పించి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

గృహప్రవేశం అయింది. పక్క గది నిండా పత్తి పోశారు.

ఇల్లు సద్దుమణిగితే చాలు, సీలింగ్ మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. అప్పుడప్పుడూ కాలిన గుడ్డ వాసన.

"చూశారా, ఆ ముసలాడు పంపిన దెయ్యమే తిరుగుతోంది," అని రాగసుధ దణ్ణం పెట్టుకునేది.

ఇరవయ్యో రోజు సాయంత్రం పిల్ల వేదశ్రీ మంచం మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. సీలింగ్ నల్లబడింది. చూస్తుండగానే నిప్పులతో సహా ఊడి మంచం మీద పడింది.

రాగసుధ పరుగెత్తుకెళ్లి పిల్లని లాగేసింది. పత్తి పోయింది, గది పోయింది. పిల్ల ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి కాలిపోయింది.

పక్కవీధి నసీమున్నీసా ఆస్పత్రికి చూడ్డానికి వచ్చింది. ఆమె చేతిలో అలాంటి గుడ్డమూటే!

రాగసుధ కెవ్వుమంది.

"ఎందుకమ్మా భయం? ఆ ముసలాయన మా కొత్తింటి వాకిట్లోనూ పెట్టి వెళ్లాడు. మేం విప్పి చూశాం. వాడుకోగా ఇవి మిగిలాయి, మీకు పనికొస్తాయని తెచ్చాను."

వేడిని తట్టుకునే ఎర్ర వైరు. ఎర్తుకి పచ్చ వైరు. జాయింట్లు పెట్టి మూసే చిన్న చిన్న డబ్బాలు. అడుగున ఒక చీటీ.

'పత్తి ఉన్న ఇల్లు. టేపుతో సరిపెట్టొద్దు. జాయింట్లు డబ్బాలో బిగించి మూత వేయించండి. ఏసోబు, రైలుగేటు అవతల.'

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మొగుడూ పెళ్లాలు రైలుగేటు దాటి వెళ్లారు. ఇంట్లో ఏసోబు భార్య వీరమ్మ ఒక్కతే ఉంది.

"ఎక్కడో కొత్తిల్లు లేస్తోందంటే చూడబోయాడమ్మా. తిట్టి తరిమినా మానడు."

ఆ ఇంటికి సీలింగ్ లేదు. నడిమింట్లో ఒక్కటే బల్బు, వైరంతా కంటికి కనబడేట్టు వేలాడుతోంది. గోడ మీద పదేళ్ల పిల్ల ఫొటో, దానికో దండ.

"మా మనవరాలు మహిమ," అంది వీరమ్మ. "అల్లుడి కొత్తింట్లో, పత్తి గది పక్కనే పడుకుంది. సీలింగ్ అంటుకుంటే దాన్ని లాగబోయి మా ఆయన చెయ్యి కాల్చుకున్నాడు."

రాగసుధ ఆ ఫొటోకి దణ్ణం పెట్టింది.

"అట్టాంటి వైరింగ్ చేసినవాణ్ణి ఊరికే వదిలేశారా పెద్దమ్మా?" లక్ష్మీకాంత్ పళ్లు కొరికాడు.

వీరమ్మ కొంగుతో ఆ ఫొటో తుడిచింది.

"మనవరాలు ముచ్చటపడిందని, ఆ గదికి లైట్లు పెట్టింది మా ఆయనేనయ్యా."