సోమవారం సూది

"నిజం చెప్పు బక్కయ్యా. బయట ఎవరితోనన్న సూది ఏయించినవా?"

డాక్టర్ మాలతి ఆ మాట అడగడం అది మూడోసారి. వనపర్తి పశువుల దవాఖానలో, బల్ల మీద పరిచిన గోనెసంచి మీద కర్రెన్న పడుకొని ఉన్నాడు. నల్లటి ఊరకుక్క. తోక కొస మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుంది. నెల కిందట ఇదే బల్ల మీద ఇద్దరు మనుషులు పట్టుకున్నా ఆగలేదు. ఇప్పుడు మూతి ముందు నీళ్లు పెట్టినా తల ఎత్తడం లేదు.

"తిమ్మప్ప దేవుని సాక్షి, ఏయించలేదమ్మా. నువ్వేసిన నాలుగు సూదులే. ప్రతి సోమారం తెస్తి గద, నీ చేతులతోనే ఏస్తివి."

"మరి రక్తం గిట్లెందుకున్నది?" మాలతి పరీక్ష కాగితం చూపించింది. "తెల్లకణాలు ఉండాల్సిన దాంట్ల పదో వంతు గూడ లేవు. వారానికొక్క సూదికి ఇంతగనం పడిపోవు."

బక్కయ్య కాగితం వైపు చూడలేదు. కర్రెన్న చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు.

మాలతికి కాళ్లు లాగుతున్నాయి. పొద్దున్నుంచి నలభై గొర్రెలు, ఈనలేక అవస్థపడ్డ ఒక బర్రె. కిటికీలో పెట్టిన టీ మీద మీగడ కట్టి చాలాసేపయింది. కుక్కకు క్యాన్సర్ అని చెప్పగానే దాన్ని గేటు దగ్గరే వదిలేసి పోయిన వాళ్లను ఆమె చూసింది. బక్కయ్య అట్లా కాదు. కూలి పోగొట్టుకొని, గోపాల్‌పేట నుంచి ఆటోలో, పిల్లాడిని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకొని వచ్చేవాడు. అందుకే ఈ ఒక్క కుక్కయినా బతకాలని ఆమెకు మొండిగా ఉండేది.

ఆమె మళ్లీ కర్రెన్న మూతి ఎత్తింది. ముక్కు పక్కన నిమ్మకాయంత గడ్డ ఉండేది. ఇప్పుడు వేలితో వెతికితే తప్ప దొరకడం లేదు.

"గడ్డ పోయింది. ఇంత జల్ది పోవుడు నేనెప్పుడు చూడలే."

"మరి మంచిదే గదమ్మా?"

"గడ్డ పోయింది, కుక్క గూడ పోతుంది. క్యాన్సర్ ఎముకల్లోకి దిగిందనుకుంట. రక్తం తయారయ్యేది ఆడనే."

"హైదరాబాద్ తీస్కపోతే?"

"దారిలనే అయిపోతది."

"ఇంగ ఏం జేద్దాం?"

"నిద్రపుచ్చుదాం. నొప్పి తెల్వదు."

"మొన్నటిదాంక నా సద్ది మూట ఎత్తుకపోయేటోడు," అన్నాడు బక్కయ్య. "కట్టె తీస్కొని ఎంబడి పడేటోన్ని. ఇయ్యాల పొద్దున మూట తెరిచి మూతి కాడ పెట్టిన. వాసన గూడ చూడలే."

మాలతి కాగితం రాసి ముందుకు జరిపింది. బక్కయ్యకు సంతకం రాదు. వేలిముద్ర వేసి, సిరా మరకను కర్రెన్న వీపుకే తుడిచాడు. ఆ నలుపులో అది కనబడలేదు.

ఆమె సిరంజిలోకి మందు ఎక్కించింది. రక్తనాళం కోసం ముందరి కాళ్లు చూసింది. రెంటి మీదా వెంట్రుకలు లేవు. గడ్డకు వేసిన మందుకు వెంట్రుకలు రాలుతాయి, అందులో కొత్తేమీ లేదు. దూది తడిపి రుద్దింది.

తలుపు గోడకు కొట్టుకుంది. మోకాళ్ల దాకా దుమ్ము, చేతిలో ఖాళీ గొలుసు, ఎగపోస్తూ ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడింది.

"ఉన్నడా?"

"ఎవరమ్మా నువ్వు?"

బక్కయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "మా తమ్ముని పెండ్లాం, జోగులమ్మ. మా పక్క వాటానే. ఇల్లు పంచుకున్నప్పటిసంది రెండేండ్లాయె, మాటల్లేవు. వీనికేమో రెండిండ్లు ఒక్కటే. యాడ బువ్వ కనబడితే ఆడ తింటడు."

జోగులమ్మ బావ వైపు చూడకుండా డాక్టరుతోనే మాట్లాడింది. "పొద్దటిసంది ఊరంత దేవులాడుతున్న. ఆటో గోపి చెప్తే ఎరుకైంది, గిటు పట్టుకొచ్చిండ్రని. కొందరికి ఒక మాట చెప్పిపోదామని ఉండదు గద."

"చెప్పాల్నంటే ముందుగాల మాటలుండాలె," అన్నాడు బక్కయ్య, గోడతో.

"మీ పంచాయితి ఇంటికాడ పెట్టుకోండి." మాలతి గొంతులో కోపం కూడా రాలేదు, అంత అలసిపోయి ఉంది. "జోగులమ్మా, వీడు ఇంక ఉండడు. చూసుకునేదుంటే ఒక్క నిమిషం చూసుకో. తర్వాత ఇద్దరు బయట నిలబడుండ్రి."

జోగులమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి తగలగానే తెల్ల తోక కొస ఒక్కసారి కదిలింది. బక్కయ్య అది చూసి కళ్లు తుడుచుకున్నాడు. మాలతి సిరంజిలో గాలి తీసి, కాలు పట్టుకుంది.

"జర ఆగుండ్రి, ఎందుకుండడు?" జోగులమ్మ గొలుసును కర్రెన్న పట్టెడకు తగిలిస్తూ, రెండో చేత్తో రొంటిన దోపుకున్న మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నీరసంగున్నడు గంతే. ఆటో నిలబెట్టి వచ్చిన డాక్టరమ్మా, జల్ది పంపుండ్రి. నాగర్‌కర్నూల్ దవాఖానల నాలుగు బుధారాలు గడ్డ కరిగే సూది ఏయించిన, ఇయ్యాల ఐదోది."