నోటికి రబ్బరు లేదు

“వణుకుతున్నావేంటే? నువ్వే ఇలా వణికితే నా గతేం కాను?” అంది పిన్ని.

కోర్టు వరండాలో చెక్కబెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ. లోపల్నించి పిలుపు రావాలి.

“వణుకు కాదు పిన్నీ. ఏసీ,” అంది ఆ పిల్ల.

వరండాలో ఏసీ లేదు.

“పొద్దున ఏమైనా తిన్నావా?”

“గొంతు దిగలేదు.”

“బాగుంది. ఇంత చదువుకుని, కడుపు మాడ్చుకుని, లోపల కళ్ళు తిరిగి పడ్డావనుకో, అదింకో కేసవుతుంది.”

ఇద్దరూ నవ్వారు. తలుపు కిర్రుమంది. నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

ఈ ఊరి భాష ఆ పిల్ల పుట్టి పెరిగిన భాష కాదు. నేర్చుకున్నది. కొట్ల మీద బోర్డులు చదివి, బస్సులో పక్కవాళ్ళ మాటలు చెవులు రిక్కించి విని, అద్దం ముందు మూతి వంకర్లు తిప్పి మరీ నేర్చుకుంది. ఇప్పుడు కాలేజీలో చదువుతున్నదీ ఆ భాషే. రాయమంటే ఎంతైనా రాస్తుంది. రాతకి ఓపికెక్కువ. తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాసుకోమంటుంది. మాట అలా కాదే! నోటికి రబ్బరు లేదు. ఒకసారి బయటపడిందా, ఇక చెరపలేం.

పైగా ఆ రెండు మాటలు! ‘జారిపోయారు’, ‘వదిలేశాను’. ఈ ఊరి భాషలో అవి కవలపిల్లల్లా ఉంటాయి. క్లాసులో ఒకదాని బదులు ఇంకోటి అనేస్తే అందరూ పగలబడి నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు.

“ముందు ‘నేను’ అని జంకు లేకుండా అనడం నేర్చుకో. అక్కడే అందరూ తడబడేది,” అంది. నిన్న ఫోన్ చేసి ఇంకో మాట కూడా చెప్పింది. “ఏం జరిగినా కోర్టులో ఏడవకు.”

క్లాసులో తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ తప్పితే జైలు.

లోపల హాలు చల్లగా ఉంది. అవతలి లాయరు లేచి, వాళ్ళిద్దరూ నిలబడ్డ వైపు వేలు చూపించాడు.

“పెద్దాయనకి స్నానం చేయించడానికి మిమ్మల్ని పనిలో పెట్టుకున్నారు. మీరు ఆయన్ని వదిలేశారు. తల పగిలి ఆయన చనిపోయారు. అవునా, కాదా?”

ఆ పిల్ల పిన్ని వైపు తిరిగింది. పిన్ని కుడిచేతికి శాలువా కింద కట్టుంది. అందుకని ఎడమచెయ్యి పట్టుకుంది. ఏదో గుసగుసలాడింది. పిన్నీ ఏదో గుసగుసలాడింది.

“ఆ పెద్దావిడని అడక్కుండా ఒక్క ముక్కా చెప్పదేంటి ఈ పిల్ల?” అన్నారు అప్పుడే వచ్చి వెనకబెంచీలో కూర్చున్న ఎవరో.

“కాదండీ. నేను ఆయన్ని మా నాన్నలా చూసుకున్నాను,” అంది ఆ పిల్ల. గొంతు బాగానే పలికింది. హమ్మయ్య!

“మరి ఆ రోజు ఏం జరిగింది?”

మళ్ళీ గుసగుసలు.

“నేలంతా సబ్బునీళ్ళు. ఆయన లేవబోయారు. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. అయినా...” కవలలు రెండూ ఒకేసారి నాలుక మీదికొచ్చాయి. “అయినా వదిలేశాను.”

హాలంతా కలకలం రేగింది.

“విన్నారుగా! వదిలేశారట!” లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“కాదు! కాదండీ! తప్పు నాది!”

“తప్పు కూడా ఒప్పుకున్నారు! రాసుకోండి!”

టైపిస్టు వేళ్ళు టకటకలాడాయి. ఒక్కో టక్కుకీ ఒక్కో మేకు దిగుతున్నట్టుంది. ఆ పిల్లకి పిన్ని మొహంలోకి చూసే ధైర్యం లేదు.

జడ్జి చెయ్యెత్తింది. టకటక ఆగిపోయింది.

“నిదానంగా చెప్పమ్మాయ్. ఏ తప్పు గురించి అంటున్నావు?”

“మాట తప్పు పడిందండీ. మాటే. మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ప్రశ్న ఇంకొక్కసారి అడగండి. మీకు దణ్ణం పెడతాను.”

అడిగారు. పిన్నితో మళ్ళీ గుసగుసలు. పిన్ని గొంతు మాత్రం కొంచెం కూడా తొణకలేదు. ఈసారి ఆ పిల్ల ఒక్కో అక్షరాన్నీ పంటి కింద అదిమిపెట్టి వదిలింది.

“ఆయన జారిపోయారు. నేను వదల్లేదు. వదల్లేదు కాబట్టే ఆయనతోపాటు నేనూ పడ్డాను.”

జడ్జి కళ్ళజోడు సవరించుకుని డాక్టరు రిపోర్టు చదివింది. మళ్ళీ మొదట్నించీ చదివింది.

“డాక్టరు రాసిందీ ఇదే. నిర్లక్ష్యం ఏమీ లేదు. కేసు కొట్టేస్తున్నాను.”

అంతే. టీచరు చెప్పిన మాట గాలికి పోయింది. ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చేసింది.

అంతసేపూ, ఆ పిల్ల తిప్పి చెబితే తప్ప ఆ భాష ఒక్క ముక్కా అర్థంకాక, ఆమె నోటివైపే చూస్తూ నిలబడ్డ పిన్ని, ఆ ఏడుపు చూసి హడలిపోయి, “ఎన్నేళ్ళు వేశారే తల్లీ నాకు?” అంది.