కొత్త వాద్యారు

మా వీధిలోకి కేబుల్ టీవీ వచ్చిన ఏడు, గుడియాత్తంలో మా వీధినాటకం రిహార్సల్ చూడడానికి ఐర్లండు దొరసాని వచ్చింది. ఒకప్పుడు బ్యాలే ఆడి, ఇప్పుడు ఆడించే గురువట. నేను ద్రౌపదిగా ఆడుతుంటే కన్నార్పకుండా చూసింది.

ఆట ముగియగానే, మాకు నాటకం నేర్పే వాద్యారు అప్పాసామి తన చేతితాళాలు నాకిచ్చాడు. "ఇంక నువ్వే వాద్యారువి, నాయనా."

ద్రౌపదీ నేనే, వాద్యారూ నేనే! ఆడవేషం కోసం గొరిగించుకున్న మీసాన్ని మెలితిప్పబోయాను.

"దొరసాని యెట్ల గురువైందో అడుగమ్మా," అన్నాను, వేలూరు నుంచి ఆమె వెంట వచ్చిన దుబాసి అమ్మాయితో.

ఆ అమ్మాయి అడిగి చెప్పింది. "మోకాళ్ళు వంగలేదంటప్పా. పొమ్మనలేక గురువును చేసినారంట."

పగలబడి నవ్వాను. అప్పాసామి నవ్వలేదు. నా తలకున్న సవరం మెల్లగా విప్పుతున్నాడు.