ఏడో నంబరు

కొత్త అధికారి తలెత్తి చూసేసరికి గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బకెట్. తడిసిన బట్టల అంచుల నుంచి, అప్పుడే తుడిచిన నేల మీదకు ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"గుమాస్తాగారు లేరా బాబూ?"

గుమాస్తా కూతురి పురుడని ముందురోజే సెలవు మీద వెళ్లాడు. ఆ ముక్క చెప్పి ఆయన మళ్లీ కాగితాల్లో తల దూర్చాడు.

ఆవిడ కదల్లేదు.

ఆవిడను ఆయన ఎరుగును. రేవు లాంచీల్లో వెళ్తూ వాటిని కడిగే మనిషి. అందరూ లాంచీ మామ్మ అంటారు. రోజూ మొదటి లాంచీ తిరిగి రాగానే ఇక్కడికొచ్చి, గుమాస్తా బల్ల దగ్గర రెండు మాటలు చెప్పి పోతుంది. వాతావరణ ఆఫీసంటే సత్రమా అని ఆయనకు నెల రోజులుగా ఒళ్లుమంటగా ఉంది.

"ఇంకేం కావాలి?"

"నీళ్ల కోసమే వచ్చాను బాబూ. ఇవాళ నీళ్లు..."

"నీళ్లు కావాలంటే వీధి చివర కుళాయి ఉంది. రేపటి నుంచి ఇక్కడికి రాకండి."

ఆవిడ బకెట్ వంక చూసుకుంది.

"అయితే ఇంక అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

ఆవిడ వెళ్లిపోయింది. ఆయన ప్రశాంతంగా కంప్యూటర్ తెరిచాడు. ఆ ప్రశాంతత అక్కడితో సరి.

ఆ ఆఫీసు లెక్కలో, సముద్రం మీద తేలే యంత్రాలు పది. నీళ్ల వేడి ఎంతో చెప్పడమే వాటి పని. ఏటా ఎండలు ముదిరే కొద్దీ నీళ్లు వేడెక్కుతాయి. రేవు దగ్గర వరసగా మూడు రోజులు ఇరవై తొమ్మిది డిగ్రీలు దాటితే, వారం పది రోజుల్లో గాలి తిరుగుతుంది, అలలు ఇంతెత్తున లేస్తాయి. ఆలోగా పడవలన్నీ ఒడ్డెక్కాలి. ఎప్పుడెక్కాలో చెప్పాల్సింది ఈయనే.

ఇన్నాళ్లూ గుమాస్తా రాసిపెట్టిన కాగితం మీద సంతకం చేసి ఊరుకునేవాడు. ఇప్పుడు తనే చూస్తే తొమ్మిది యంత్రాల లెక్కలే ఉన్నాయి. ఏడో నంబరు జాడ లేదు.

రిటైరై వెళ్తూ, ఈ కుర్చీలో తనకు ముందున్న పెద్దాయన మరీ మరీ చెప్పింది దాని గురించే. మిగతా తొమ్మిదీ ఒక ఎత్తు, ఏడో నంబరు ఒక్కటీ ఒక ఎత్తు, జాగ్రత్తగా చూసుకోమన్నాడు. రేవుకు దగ్గరగా ఉన్నది అదొక్కటే.

మెకానిక్‌ను పిలిపించాడు. అలాంటి యంత్రం తన జాబితాలోనే లేదన్నాడు మెకానిక్.

మరి మొన్నటిదాకా లెక్కలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

పాత రిజిస్టర్లు తిరగేశాడు. బుర్ర ఇంకా వేడెక్కింది. తక్కిన యంత్రాలు గంటగంటకూ కబురు పంపుతుంటే, ఇది రోజుకు ఒక్కసారే, ఉదయం ఆరుంపావుకే పంపింది. పైగా తుఫాను రోజుల్లో అసలు పంపనేలేదు. యంత్రం కూడా తుఫానుకు భయపడి ఇంట్లో కూర్చుంటుందా?

పడవ పంపి వెతికించాడు. నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. గుమాస్తాకు ఫోన్ చేస్తే అందలేదు.

జాలర్ల పెద్ద వచ్చి, పడవలు లాగెయ్యమంటారా అని అడిగాడు. తొమ్మిది యంత్రాలూ ఇంకా ఇరవై ఎనిమిది దగ్గరే తచ్చాడుతున్నాయి. ఇంకో వారం ఆగమన్నాడు అధికారి. అన్నాడే గాని, మనసు మనసులో లేదు.

ఆ మాటన్న ఐదో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది.

మనుషులు ఎలాగో ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. పడవలు మాత్రం పదకొండు రాళ్లకు కొట్టుకుని ముక్కలయ్యాయి. జాలర్ల పెద్ద ఆఫీసుకు వచ్చి, ఆయన మొహంలోకి ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

రెండు రోజుల తర్వాత గుమాస్తా సెలవు నుంచి తిరిగొచ్చాడు. భుజాన సంచి తీయకుండానే అడిగాడు.

"లాంచీ మామ్మ పని మానేసిందేంటి సార్? ఇప్పుడే బస్సెక్కుతూ కనబడింది. కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట. ఇక్కడ తనతో ఎవరికీ పనిలేదంది. ఎందుకని అడిగేలోపే బస్సు కదిలిపోయింది."

"ఆవిడ గొడవ తర్వాత. ముందు ఏడో నంబరు సంగతి చెప్పండి. ఆ యంత్రం అసలు ఎక్కడ ఏడ్చింది?"

గుమాస్తా తెల్లబోయి చూశాడు.

"పెద్దాయన మీకు చెప్పే ఉంటారనుకున్నాను సార్. ఆ యంత్రం పన్నెండేళ్ల కిందటే మునిగిపోయింది. కొత్తది ఇమ్మని ఏటా రాశాం, రాలేదు."

సంచి మెల్లగా కింద పెట్టాడు.

"అప్పట్నుంచీ, మొదటి లాంచీ అది మునిగిన చోటికి చేరగానే, కడగడానికి తోడిన నీళ్లలో థర్మామీటరు ముంచి, ఆ లెక్క రోజూ మనకొచ్చి చెబుతున్న ఏడో నంబరు ఆవిడే సార్."